తొమ్మిదో బోరు, నాలుగో వరస

మంగళవారం ఉదయం 9 గంటల 40 నిమిషాలకు వసుంధర నివేదికపై సంతకం చేయకుండా ఆగింది. నివేదిక 212 పేజీలు. ఆమె ఆగింది 147వ పేజీ దగ్గర.

నివేదిక లెబాన్ అనే నది లోయలోని బొగ్గు గురించి. లోయ తూర్పు కాలిమంతాన్‌లో ఉంది. అందులో బొగ్గు ఎంతుందో తేల్చే కన్సల్టెన్సీ సముద్రానికి ఇవతల సింగపూర్‌లో, టాంజోంగ్ పగార్‌లో, ఒక భవనం పద్నాలుగో అంతస్తులో ఉంది. పనిచేసేది పదహారు మంది. వసుంధర అక్కడ తొమ్మిదేళ్ళుగా జియాలజిస్టు. ఊరు కొత్తగూడెం. ఆమె సంతకం ఉంటేనే క్లయింటు ఆ నివేదికను షేర్ మార్కెట్టుకు పంపగలడు. అందులో చెప్పింది తప్పని తేలితే వృత్తి సంఘం రిజిస్టరులో ఆమె పేరు కొట్టేస్తారు. పేరు కొట్టేసినవాళ్ళు మళ్ళీ ఏ నివేదికపైనా సంతకం చేయలేరు. గడువు శుక్రవారం సాయంత్రం అయిదు.

147వ పేజీలో ఉన్నది పదో బోరు లాగ్. బోరు వేసేటప్పుడు గొట్టంలో పైకి వచ్చే రాతి కడ్డీని కోర్ అంటారు. దాన్ని పెట్టెల్లో పేరుస్తారు. పెట్టెకు అయిదు వరసలు, వరస మీటరు పొడవు. జియాలజిస్టు ఆ కోర్‌ను పైనుంచి కిందికి చదివి, ఏ లోతులో ఏ రాయి ఉందో రాస్తాడు. అదే లాగ్. పదో బోరు లాగ్‌లో బొగ్గు అరవై సెంటీమీటర్లు. బొగ్గు పైన నలభై సెంటీమీటర్ల బంకమట్టి. ఆ మట్టిలో చెట్ల వేళ్ళ గుర్తులున్నాయని రాసి ఉంది.

వేళ్ళ మట్టి బొగ్గు కింద ఉంటుంది. కోటిన్నర ఏళ్ళ కిందట ఆ లోయ చిత్తడి నేల. చెట్లు మట్టిలో వేళ్ళు దించి పెరిగాయి, కూలాయి, కూలినవాటి మీద మళ్ళీ పెరిగాయి. కూలినవి బొగ్గయ్యాయి. వేళ్ళు దిగిన మట్టి అడుగున ఉండిపోయింది. ఈ లాగ్‌లో ఆ మట్టి బొగ్గు పైకి ఎక్కింది.

లాగ్ రాసింది దశరథరామయ్య. వయసు 63. ఇరవై మూడేళ్ళ కిందట గోదావరి లోయలో ఒక డ్రిల్లింగ్ క్యాంపులో వసుంధరకు కోర్ చదవడం నేర్పింది ఆయనే. "వేళ్ళు ఎటుంటే కింద అటు" అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. ఆయన రిటైరయ్యాక ఈ కన్సల్టెన్సీకి ఆయన పేరు చెప్పింది వసుంధర. ఆయన వర్క్ పాస్ ఈ కాంట్రాక్టు మీదే ఉంది.

10 గంటల 15 నిమిషాలకు ఆమె డైరెక్టర్ సుధాకరరావు గదికి వెళ్ళింది. ఆయనది గుంటూరు. సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళు.

"ఏంటండీ వసుంధర గారూ, అయిపోయిందా? క్లయింటు పొద్దున్నే మూడుసార్లు కాల్ చేశాడు."

"నదికి పడమటి గట్టు బోర్లు మూడూ ఇంకోసారి చూడాలి సార్. పదో బోరు తిరగబడినట్టుంది."

"తిరగబడ్డమేంటండీ, బోరేమన్నా పూరీనా?"

ఆమె పేజీ చూపించింది. ఆయన చూసి పక్కన పెట్టాడు.

"టైపింగ్ మిస్టేక్ అయుంటుంది. రామయ్యగారు ముప్పై ఏళ్ళు కోర్ చూసినాయన. మీ గురువుగారే కదా? ఆయన్ని మీరు అనుమానిస్తే ఇంక మేమేం చెప్పాలి?"

"ఆ మూడు బోర్లకీ ఆయన సైట్‌కి వెళ్ళారు కదా సార్?"

"టికెట్ నేనే బుక్ చేశానండీ."

వసుంధర తన సీటుకు తిరిగి వచ్చి బోర్ల పటం తెరిచింది. లెబాన్ నది లోయ మధ్యలో ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. తూర్పు గట్టున ఎనిమిది బోర్లు, పడమటి గట్టున మూడు. తూర్పున బొగ్గు పొర ఒక మీటరు అరవై. నది వైపు వచ్చేకొద్దీ పలచబడుతూ ఒక మీటరు పది. నది దాటాక తొమ్మిదో బోరులో తొంభై సెంటీమీటర్లు. దానికి ఉత్తరాన పదో బోరు, దక్షిణాన పదకొండో బోరు. యాభై సెంటీమీటర్లకు తక్కువైన పొరను లెక్కలోకి తీసుకోరు. తొమ్మిదో బోరులో పొర ఉంటే నది దాటి మూడు బోర్లనూ కలుపుకోవచ్చు. అది లేకపోతే పది, పదకొండు విడి చుక్కలు. పడమటి గట్టులో బొగ్గు ఉందని రాయడానికి వీల్లేదు.

తూర్పు గట్టు బోర్లన్నిటిలోకీ కొలత పరికరం దించి లాగ్‌తో సరిచూశారు. పడమటి గట్టున మూడు బోర్లలోనూ దించలేదు. కారణం దగ్గర "బోరు గోడ కూలింది" అని ఉంది. మూడుచోట్లా అదే వాక్యం.

తొమ్మిదో బోరు లాగ్‌పై ఒక తేదీ, ఒక సమయం ఉన్నాయి. ఉగాది రోజు సాయంత్రం 4 గంటల 30 నిమిషాలు. స్థలం: సైట్ కోర్ షెడ్డు.

వసుంధర ఇల్లు బుకిట్ పంజాంగ్‌లో. ఆ సాయంత్రం ఆరున్నరకు ఆమె ఇంటికి చేరేసరికి కూతురు ప్రణవి సోఫాలో పడుకుని ఫోన్ చూస్తోంది. వయసు పదమూడు.

"ఉగాది ఫంక్షన్‌లో నీ డాన్స్ వీడియో ఉందా?"

"వై? యూ సెడ్ ఐ ఫర్‌గాట్ ద స్టెప్స్."

"స్టెప్పుల కోసం కాదులే. చూపించు."

"సో మీన్ లా, అమ్మా."

వీడియో సెరంగూన్‌లో ఒక హాలులో తీసింది. డాన్సు మొదలవకముందు కెమెరా మొదటి వరస మీదుగా కదిలింది. మూడో కుర్చీలో దశరథరామయ్య. చేతిలో కాగితం గ్లాసు. ఆయన గొంతు వినిపించింది: "ఇది పచ్చడా, పానకమా? వేపపువ్వు ఏదయ్యా?"

"దట్ అంకుల్ కంప్లెయిన్డ్ ద హోల్ టైమ్," అంది ప్రణవి.

వీడియో సమయం ఉగాది రోజు సాయంత్రం 5 గంటల 12 నిమిషాలు. లెబాన్ సైట్ నుంచి బాలిక్‌పాపన్ విమానాశ్రయానికి రోడ్డు మీద అయిదు గంటలు. సింగపూర్‌కూ ఆ సైట్‌కూ గడియారంలో తేడా లేదు.

బుధవారం మధ్యాహ్నం 12 గంటల 30 నిమిషాలకు వసుంధర టాంపినీస్ వెళ్ళింది. దశరథరామయ్య అక్కడ ఒక తమిళ కుటుంబం ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఆమె కోసం కుర్చీ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంచాడు.

"గిది చోప్ అంట. మనూర్ల బస్సు సీటుకు తువ్వాలేసినట్టే. గాడనైతే తువ్వాల తీసి పడేసి కూసునేటోళ్ళు."

"సార్, తొమ్మిదో బోరు మీరు ఎప్పుడు చూశారు?"

"తినకముందే మొదలుపెట్టినవా?" ఆయన కాఫీ కప్పు దగ్గరికి జరుపుకున్నాడు. "మార్చిల చూసిన. లాగ్ మీద రాసున్నది గద."

"లాగ్ మీద ఉగాది సాయంత్రం అని ఉంది. ఉగాది సాయంత్రం మీరు మా ప్రణవి డాన్సు చూస్తున్నారు."

"గది డ్రిల్లర్ రాసిన టైము. నేను ముందురోజు చూసి వచ్చిన."

"ముందురోజుకి బోరు అరవై మీటర్లే దిగింది. బొగ్గు ఎనభై రెండు మీటర్ల దగ్గర ఉంది. ఉగాది రోజు పదకొండింటికి బయటికొచ్చింది. డ్రిల్లింగ్ రిపోర్ట్ నా దగ్గరుంది."

దశరథరామయ్య కప్పులో చెంచా తిప్పాడు. కాఫీలో చక్కెర లేదు.

"నన్ను అడుగుతున్నవా వసుంధరా, విచారణ చేస్తున్నవా?"

"శుక్రవారం నేను సంతకం పెట్టాలి సార్."

"పెట్టు. బొగ్గు యాడికి పోతది?"

"పదో బోరులో వేళ్ళ మట్టి పైకి పోయింది."

పక్క టేబుల్‌ దగ్గర ఒకామె గిన్నెలు తీసుకుపోయేదాకా ఆగి, వసుంధర ఇంకో ప్రశ్న అడిగింది.

"కోర్ పెట్టెలో ఏ పద్ధతిలో పేర్చారు సార్ అక్కడ?"

"ఏ పద్ధతంటే? సాలు పద్ధతి. ఇంకెట్ల పేరుస్తరు?"

సాలు పద్ధతి ఆ ఇద్దరూ పనిచేసిన క్యాంపుది. అక్కడ డ్రిల్లు మీద కూలీలు చుట్టుపక్కల రైతులు. నాగలి ఒక సాలు పోయి, చేను చివర మళ్ళి, రెండో సాలు ఎదురు వచ్చినట్టే కోర్ పేర్చేవాళ్ళు. మొదటి వరస ఎడమ నుంచి కుడికి, రెండోది కుడి నుంచి ఎడమకు. క్యాంపులో అందరూ అలాగే చదివేవాళ్ళు. దశరథరామయ్య ముప్పై ఒక్క ఏళ్ళు అలా చదివాడు. వేరేచోట్ల కోర్‌ను పుస్తకంలో పేజీలాగా పేరుస్తారు. ప్రతి వరసా ఎడమ నుంచే మొదలవుతుంది. సింగపూర్ వచ్చిన మొదటి ఏడాది వసుంధర ఈ తేడా వల్ల రెండు లాగ్‌లు తిరిగి రాయాల్సి వచ్చింది.

సైట్‌లో పెట్టె ముందు నిలబడినవాళ్ళు ఈ తప్పు చేయరు. ప్రతి పెట్టె అంచు మీదా బాణం గుర్తు గీసి ఉంటుంది. ఫోటోలో అంచు కనిపించదు.

ఆఫీసుకు తిరిగి వచ్చి, మధ్యాహ్నం 3 గంటలకు వసుంధర తొమ్మిదో బోరు పెట్టె ఫోటోను స్క్రీన్ మీద పెద్దది చేసి చూసింది. పెట్టె 80 మీటర్ల లోతు నుంచి 85 దాకా. డ్రిల్లర్లు మూడు మీటర్లకొకసారి లోతు రాసిన చెక్కముక్క పెడతారు. ఒక ముక్క మొదటి వరస కుడి చివర ఉంది. దాని మీద 81. ఇంకోటి నాలుగో వరసలో, కుడి చివర. అంకె మసకగా ఉంది. 84 కావచ్చు. సాలు పద్ధతిలో పేర్చి ఉంటే ఆ ముక్క ఎడమ చివర ఉండాలి.

నాలుగో వరసలో కుడివైపు బొగ్గు, ఎడమవైపు మట్టి. కుడి నుంచి చదివితే ఆ బొగ్గు మూడో వరస చివరి బొగ్గుకు అతుక్కుంటుంది. మొత్తం తొంభై సెంటీమీటర్లు. ఎడమ నుంచి చదివితే రెండు బొగ్గు పొరల మధ్య మట్టి వస్తుంది.

గురువారం మధ్యాహ్నం 2 గంటలకు ఆమె దశరథరామయ్యను ఆఫీసుకు పిలిచింది. సుధాకరరావు క్లయింటు దగ్గర మీటింగులో ఉన్నాడు. మీటింగ్ గదిలో స్క్రీన్ మీద సైట్ కోర్ షెడ్డుకు వీడియో కాల్ కలిపింది. షెడ్డు మేస్త్రీ యాభై ఏళ్ళవాడు. ఆ షెడ్డు తాళం రెండేళ్ళుగా ఆయన దగ్గరే ఉంటుంది. వసుంధర మూడుసార్లు అక్కడికి వెళ్ళింది, తూర్పు గట్టు బోర్ల కోసం. మేస్త్రీ చెయ్యి ఊపాడు.

ఆమె తనకు వచ్చిన మలయ్‌లో తొమ్మిదో బోరు పెట్టె తెమ్మంది. ఆయన తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఫోన్‌ను అంచు మీదికి దించాడు. బాణాలు అయిదు. అయిదూ ఎడమ నుంచి కుడికి. చెక్కముక్క తీసి చూపించాడు. దాని మీద 84.

ఆయన టేపు పరిచాడు. మూడో వరస చివర బొగ్గు నలభై అయిదు సెంటీమీటర్లు. నాలుగో వరస మొదట మట్టి యాభై అయిదు. తర్వాత బొగ్గు నలభై అయిదు. మట్టి ముక్కను విరిచి కెమెరాకు దగ్గరగా పెట్టాడు. అందులో వేళ్ళ గుర్తులున్నాయి.

రెండు పొరలూ యాభై సెంటీమీటర్లకు తక్కువే.

దశరథరామయ్య కుర్చీ ముందుకు జరుపుకుని స్క్రీన్ చూస్తున్నాడు. మేస్త్రీ కళ్ళు చిన్నవి చేసి ఇటు చూశాడు.

"బాపాక్ ఇని సియాపా?"

ఈ పెద్దాయన ఎవరని అడిగాడు. మేస్త్రీ మళ్ళీ అడిగాడు. వసుంధర థాంక్స్ చెప్పి కాల్ ముగించింది.

"ఏమన్నడు?" అన్నాడు దశరథరామయ్య.

"మీరెవరని అడిగాడు సార్."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాకు తుడిచాడు. మళ్ళీ పెట్టుకోలేదు.

"పోలేదమ్మా. మూడింటికీ పోలేదు. గదిల కూసోని ఫోటోలు చూసి రాసిన."

"నాకు చెప్పొచ్చు కదా సార్."

"చెప్తే నువ్వు ఒప్పుకోవు. ఒప్పుకోకపోతే కాంట్రాక్టు ఉండది. కాంట్రాక్టు లేకపోతే ముప్పై రోజులల్ల దేశం ఇడిసి పోవాలె. నీకు తెల్వందేముంది?"

"మరి ఆ వేళ్ళ మట్టి? ఎదురుగా కనపడుతున్నా ఎలా వదిలారు?"

"వదల్లే. ఫోటోల ఎట్ల కనిపిస్తే అట్ల రాసిన. రాస్తున్నప్పుడే తేడా ఉన్నదని తెలిసింది. కొట్టేస్తే ఎవ్వరికీ దొరకకపోయేది. కొట్టెయ్యలే. చదివేది నువ్వని తెలుసు."

ఈ మాటకు సాక్ష్యం లేదు.

"వెళ్ళొద్దని మీకు ఎవరు చెప్పారు?"

"రేపు చెప్త," అని ఆయన లేచాడు.

ఆ సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు సుధాకరరావు ఆమె సీటు దగ్గరికి వచ్చాడు.

"షెడ్డుకి కాల్ చేశారటగా. నాకొక మాట చెప్పాలి కదండీ."

"మీరు మీటింగులో ఉన్నారు సార్. తొమ్మిదో బోరు లెక్కలో నిలబడదు. రామయ్యగారు సైట్‌కి వెళ్ళలేదు."

"వెళ్ళలేదా?" ఆయన పక్క కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "చూశారా మరి? పెద్దమనిషి కదా అని నమ్మి ఇస్తే ఇట్లా ఉంటుంది. సరే, ఆ సంగతి నేను చూసుకుంటాను. మీరు శుక్రవారం పని కానివ్వండి. పడమటి గట్టు గురించి ఫుట్‌నోట్ ఒకటి పెట్టేద్దాం."

"బోర్లు ఎనిమిదే సార్. ఫుట్‌నోట్ లేదు."

"క్లయింటుకి ఏం చెప్పమంటారు నన్ను?"

"నది అవతల రెండు పొరలు ఉన్నాయి, మధ్యలో మట్టి ఉందని చెప్పండి. ఒకప్పుడు వాగు ఆ చిత్తడిలోకి వచ్చి మట్టి పోసిపోయింది. మనమేం చేస్తాం?"

"కోటిన్నర ఏళ్ళ కిందటి వాగు మీదకి తోసేస్తున్నారు మీరు. నేను రేపటి కాల్స్ ఎత్తాలి."

శుక్రవారం ఉదయం 8 గంటల 50 నిమిషాలకు దశరథరామయ్య టాంజోంగ్ పగార్ స్టేషన్ బయట వసుంధర కోసం నిలబడి ఉన్నాడు. భవనం లోపలికి రానన్నాడు. ఫోన్‌లో ఒక మెయిల్ తెరిచి ఇచ్చాడు. తేదీ ఉగాదికి ఆరు రోజుల ముందుది. మెయిల్‌లో మూడు వాక్యాలు. సైట్ ట్రిప్పు అక్కరలేదు, టికెట్ క్యాన్సిల్ చేశాను. 9, 10, 11 బోర్లు ఫోటోల నుంచి లాగ్ చేయండి. తేదీలు డ్రిల్లింగ్ రిపోర్ట్ ప్రకారం వేయండి.

పంపినది సుధాకరరావు.

"ఇది నాకు ఫార్వర్డ్ చేయండి సార్."

"చేస్తే ఏమైతదో నీకెరికే."

"చేయకపోతే నా దగ్గర మీ మాట ఒక్కటే ఉంటుంది."

"నా మాట చాలదన్నట్టు." ఆయన నవ్వాడు. "సాక్ష్యం లేనిది లాగ్‌ల రాయొద్దని నీకు చెప్పింది నేనే."

ఆయన అక్కడే నిలబడి మెయిల్ ఫార్వర్డ్ చేశాడు. తర్వాత సంచిలోంచి ఒక కాగితం తీసి ఇచ్చాడు. చేత్తో రాసింది. తొమ్మిది, పది, పదకొండు బోర్ల కోర్ తాను చూడలేదని, ఫోటోల నుంచి రాశానని, వరసలు సాలు పద్ధతిలో చదివానని, అది తప్పని అందులో ఉంది. కింద సంతకం, తేదీ.

వసుంధర ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. పడమటి గట్టును లెక్కలోంచి తీసేసి పటాలు మళ్ళీ గీసింది. 147వ పేజీని, దాని ముందు వెనక లాగ్‌లను తొలగించింది. ఆ స్థానంలో దశరథరామయ్య కాగితం, షెడ్డులో తీసుకున్న కొలతలు, మెయిల్ ప్రతి చేర్చింది. సాయంత్రం 4 గంటల 38 నిమిషాలకు సంతకం చేసింది. 4 గంటల 52 నిమిషాలకు క్లయింటు బోర్డుకు, సుధాకరరావుకు ఒకేసారి పంపింది. బోర్డు కార్యదర్శి నుంచి 4 గంటల 55 నిమిషాలకు అందిందని జవాబు వచ్చింది. సుధాకరరావు నుంచి రాలేదు.

సోమవారం షేర్ మార్కెట్టులో క్లయింటు ప్రకటన వెలువడింది. అందులో బోర్లు ఎనిమిది. పడమటి గట్టు ప్రస్తావన లేదు. నివేదికపై సంతకం చేసినవారి పేరు వసుంధర.

మంగళవారం ఉదయం 11 గంటలకు దశరథరామయ్యకు కన్సల్టెన్సీ నుంచి ఉత్తరం అందింది. కాంట్రాక్టు రద్దయింది. కారణం ఒక వాక్యం: ఒప్పందం ప్రకారం సైట్‌కు వెళ్ళి లాగ్ చేయలేదు. కింద సంతకం సుధాకరరావుది.